ఇంటి బండి

అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినను, కొన్ని యిండ్లలో నవి యింకను తిరుగుచునే యున్నవి. సోదరీమణులు వాని కూతలను గుర్తెఱుగుట మేలు. బయలుదేరునపుడు కీచుమన్నచో ఫ్యానుబెల్టు వదులైనదని తలంపవచ్చును. ఆ బెల్టే నీటి పంపును త్రిప్పును గాన ఉపేక్షింపరాదు. టకటకమన్నచో ముందుగా నూనె చూడవలెను. అది సరిగా నున్న, వాల్వుల సందు పెరిగినదేమో, దానికంత తొందర లేదు.

రేడియేటరు మూతను మాత్రము వేడిమీద తీయరాదని మేము గట్టిగా చెప్పుదుము. లోని యొత్తిడివలన నీరు 100 డిగ్రీలు దాటియు మరుగక నిలిచి, మూత వదలగానే పైకి చిమ్మును. మా యింట నొకరి చేయి అట్లే కాలినది. అరగంటకు పైగా ఆగి, మందపుగుడ్డ వేసి మెల్లగా త్రిప్పవలెను. నీరు పోసినకొలది తరుగుచు, క్రింద తడి కానరాక, నూనె మజ్జిగవలె తెల్లబడినచో హెడ్ గాస్కెట్ పోయియుండవచ్చును; బండి కదల్పక మెకానిక్కును పిలిపింపుడు.