బులెటిన్ బోర్డులకు ఆశ్రయ మెవ్వరు?

2019వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన, ఇంకను తెల్లవారక మునుపే, తైవాన్ రోగనియంత్రణ కేంద్రమున ఉన్నతాధికారిగా నున్న వైద్యుడు లో యీ-చున్ దృష్టికి ఒక సమాచారము వచ్చెను. చైనాలోని వూహాన్ నగరమున సార్సు వంటి వ్యాధి తలయెత్తినదని అచ్చటి వైద్యుడు లీ వెన్‌లియాంగ్ తన తోటివారిని హెచ్చరించుచు పంపిన సందేశముల ప్రతులతో కూడిన ఆ సమాచారము దౌత్యమార్గమున వచ్చినది కాదు. నల్లని తెరమీద అక్షరములు తప్ప చిత్ర మొక్కటియు కానరాని, 1995 నుండి తైవానున నడచుచున్న పిటిటి యను బులెటిన్ బోర్డున సభ్యు డొకడు ఉంచినది. ఆనాడే వూహాన్ నుండి నేరుగా వచ్చు విమానములలోనికి ఆరోగ్యాధికారు లెక్కి ప్రయాణికులను పరీక్షింప నారంభించిరి. టెలిఫోను తీగల కాలముతోనే గతించినదని లోకము తలపోసిన సాధన మొకటి, ఈ శతాబ్దపు మహామారి వార్తను ఒక ప్రభుత్వమునకు గంటలలో అందజేసిన దనుట సామాన్యవిషయము కాదు. బులెటిన్ బోర్డులు నేటికిని బ్రదికి యున్నవా, మరల తలయెత్తగలవా యను ప్రశ్నను నేను ఈ సంఘటననుండియే విచారింప దలచితిని; ఏలయన పాతయంత్రములపై మమకారముతో ఆ ప్రశ్న నడిగినవారికి లభించు సమాధానము వేరు, ప్రజావసరమును బట్టి అడిగినవారికి లభించు సమాధానము వేరు.

ఈ బోర్డుల పుట్టుక 1978 నాటి చికాగో నగరపు మంచుతుపానులో నున్నది. ఆ జనవరిలో హిమపాతముచే ఇల్లు కదల వీలుపడక చిక్కుకొన్న వార్డ్ క్రిస్టెన్‌సెన్ అను ఐ.బి.ఎం. ఉద్యోగి, తన మిత్రుడైన రాండీ స్యూస్‌తో ఫోనులో మాటలాడుచు, తమ కంప్యూటరు సంఘమువారు గోడపలకకు గ్రుచ్చు ప్రకటనలను ఒక యంత్రమున నుంచినచో ఎవ్వరైనను ఫోను చేసి చదువుకొనవచ్చునుగదా యని యోచించెను. అతడు ప్రోగ్రాము వ్రాయగా, స్యూస్ యంత్రమును కూర్చగా, ఫిబ్రవరి 16వ తేదీన సి.బి.బి.ఎస్. అను తొలి బోర్డు పనిచేయ మొదలిడెను. దాని నడక మిక్కిలి సరళము. ఒక ఇంట ఒక కంప్యూటరు, దానికి ఒక మోడెము, ఒక టెలిఫోను తీగ. ఒక్కొక్కమారు ఒక్కడే పిలువగలడు. వచ్చినవాడు మునుపటివారు వ్రాసినది చదివి, తనకు తోచినది వ్రాసి, ఫోను పెట్టివేసిన పిమ్మట మరియొకడు వచ్చును. నాటి మోడెములు సెకనుకు ముప్పది అక్షరములను మించి తేజాలవు గనుక నిండుతెర నిండుటకు నిమిషము పైబడి పట్టెడిది. అనగా అక్షరములు మనుష్యుని కన్ను చదువు వేగముననే వచ్చెడివి.

ఆ పరిమితులే బోర్డులకు శీలమును నేర్పినవని నా యభిప్రాయము. ఉన్నది ఒక్క తీగయే గనుక ప్రతివానికి దినమున కింత కాలమని కొలిచి ఇచ్చెడివారు. ఆటలు సైతము అట్లే రూపొందినవి. 1989లో వెలసిన లెజెండ్ ఆఫ్ ది రెడ్ డ్రాగన్ అను ఆటలో దినమునకు కొన్ని పోరాటములే అనుమతింపబడి, మిగిలినది రేపటికి వాయిదా పడెడిది. దూరపు పిలుపులు ప్రియములు, స్థానికపు పిలుపులు చౌక యగుటచే బోర్డునకు వచ్చువారు చాలవరకు ఆ యూరివారే యగుచుండిరి. దానిని నడపు సిస్‌ఆప్ ఎవరో, ఏ వీధిలో నుండునో పలువురు ఎరిగియుండిరి. అతడు తప్పుచేసినచో ముఖాముఖి అడుగుటకు వీలుండెడిది. ఊరును దాటి మాట పోవలెనన్నచో దానికిని ఉపాయము లేకపోలేదు. 1984లో టామ్ జెన్నింగ్స్ నిర్మించిన ఫిడోనెట్ వలన, టెలిఫోను రుసుములు తగ్గు అర్ధరాత్రి వేళ ఒక బోర్డు మరియొక బోర్డును తానుగా పిలిచి లేఖలను అందజేసెడిది. అట్లు చేయి మారుచు ఒక లేఖ రెండుమూడు దినములలో ఖండాంతరమును చేరెడిది. ఏ ప్రభుత్వమును, ఏ వర్తకసంస్థయు పెట్టుబడి పెట్టని ఈ తపాలావ్యవస్థను వేలకొలది గృహస్థులు తమ ఫోను బిల్లులతో పోషించిరి.

మన దేశమునను 1990 ప్రాంతమున ఇట్టి బోర్డులు కొన్ని నడచినవి. బెంగుళూరున అతుల్ చిట్నిస్ నడపిన సి.ఐ.ఎక్స్., బొంబాయిలోని లైవ్ వైర్ వానిలో పేరెన్నిక గన్నవి. ఐతే ఆనాటి టెలికాం శాఖ, సొంత ఖర్చుతో తన ఇంటి ఫోనుమీద బోర్డు నడపు వ్యక్తికిని, లాభార్థమై సేవల నమ్ము సంస్థకును భేదము పాటింపక, ఏటేట లక్షల రూపాయల లైసెన్సు రుసుమును విధింపబూనెను. తీగలు దొరకుటయే గగనమైన కాలమున, దొరకిన తీగకు ఈ భారమును తోడు చేసిన పిమ్మట, 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మహానగరములలో ఇంటర్నెట్టును ప్రవేశపెట్టెను. అమెరికాలో పదునైదేండ్లు పండి, పిదప రాలిన ఈ ఫలము మనకడ పిందెగానే రాలినది. నెట్టింటి వ్యవహారములను పౌరులు తామే నడపుకొను అలవాటు మనకు కలుగక పూర్వమే ఇతరులు నిర్మించిన భవనములలో అద్దెకు దిగితిమి. ఆ లోటు నేటికిని తీరలేదు.

అమెరికాలో సైతము పతనము వేగముగనే వచ్చినది. 1994లో ఆ దేశమున 60,000 బోర్డులును, వానికి 1 కోటి 70 లక్షల పాఠకులును కలరని ఇన్ఫోవరల్డ్ పత్రిక అంచనా వేసెను. వెబ్ విస్తరించిన కొలది వత్సరములలో వానిలో అత్యధికభాగము మూతపడినవి. మిగిలిన కొన్ని టెలిఫోనును వీడి టెల్నెట్ మార్గమున ఇంటర్నెట్టును ఆశ్రయించినవి. 1991 నుండి రాబ్ స్విండెల్ పెంచి పోషించుచున్న సింక్రోనెట్ వంటి ప్రోగ్రాములు నేడు ఉచితముగా లభించుచున్నవి. అరచేత ఇమిడెడు రాస్‌బెర్రీ పై యంత్రముమీద సైతము బోర్డు నొకదానిని రేయింబవళ్లు నడపవచ్చును. జాసన్ స్కాట్ అను చరిత్రకారుడు 1998 నుండి ఆనాటి వ్రాతలను సేకరించి భద్రపరచుచు, 2005లో వాని చరిత్రను చలనచిత్రముగా తీసెను. స్యూస్ 2019లోను, క్రిస్టెన్‌సెన్ 2024లోను గతించిరి. నేటికిని బోర్డులు నడపు ఔత్సాహికుల శ్రద్ధను నేను గౌరవింతును. ఐనను వారి బోర్డులలో పెక్కింట జరుగు ముఖ్యచర్చ బోర్డులను గూర్చినదే యగుట చూడగా, దానిని స్మృతిచిహ్నరక్షణ మనవలెనే గాని పునరుజ్జీవన మనుటకు మనసొప్పదు. తననుగూర్చియే మాటలాడుకొను సభకు కొత్తవాడు వచ్చి చేయదగిన పని యేమి యుండును?

తైవాన్ బోర్డు కథ దీనికి భిన్నము. 1995 సెప్టెంబరులో జాతీయ తైవాన్ విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రము నభ్యసించుచున్న డు యీ-జిన్ అను విద్యార్థి తన వసతిగృహపు గదిలో నెలకొల్పిన పిటిటి, క్రమముగా పదునైదు లక్షలకు మించిన సభ్యులతో, రద్దీవేళల ఏకకాలమున లక్షన్నరమంది మెలగు మహానగరమువలె పెరిగెను. బేస్‌బాల్ ఆట, వంట, ఉద్యోగములు, ప్రేమ, రాజకీయము, ఇట్లు వేలకొలది ఉపఫలకము లందున్నవి. వ్రాతలన్నియు కాలక్రమమున ఒకదాని క్రింద ఒకటిగా నుండును. చదివినవాడు మెచ్చినచో ముందుకు త్రోయును, మెచ్చనిచో ఈసడించును. మెప్పులు నూరు దాటినచో వ్రాత చెంత ఎఱ్ఱని గుర్తు వెలయును. అంతకు మించి ఏ వ్రాతను ఎవరి కంటబడవేయవలెనో రహస్యముగా నిర్ణయించు గణితము లేదు, ప్రకటనలు లేవు. ప్రతి ఉపఫలకమునకును పర్యవేక్షకు డుండును. అతని నిర్ణయమున అన్యాయము కలదని తోచినచో పైవారికి విన్నవించుకొను పద్ధతి కలదు. 2014లో విద్యార్థులు తైవాన్ శాసనసభను ఆక్రమించిన సూర్యకాంతి ఉద్యమకాలమున, లోపలి విశేషములను బయటివారికి అందించిన మార్గములలో ఈ బోర్డు ప్రముఖమైనది. దాని ప్రోగ్రామును గూడ లోకమున కెల్ల బాహాటముగా నుంచినారు.

ఇది ముప్పదియేండ్లు నిలుచుటకు కారణ మేమి? యంత్రము కాదు, అదే తరగతి యంత్రములు వేలకొలది చెత్తకుప్పల చేరినవి. విశ్వవిద్యాలయ మొకటి దానికి నీడనిచ్చినందున దానిని కొనువాడు గాని, అమ్మువాడు గాని లేకపోయెను. విద్యార్థులు, పట్టభద్రులు వేతనము లేక దానిని కాపాడిరి. తైవాన్ ప్రజలకు తమ భాషలో తమ వ్యవహారములు చర్చించుకొను స్థలము అక్కరయై యుండెను. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను అది నిలిచి యుండెడిది కాదని నా నిశ్చయము.

నీడనిచ్చువాని చేతిలోనే నీడను తొలగించు నధికారము గూడ నుండు ననుటకు చైనాలో ఉదాహరణము కలదు. పిటిటి పుట్టిన 1995లోనే బీజింగునందలి చింగ్హ్వా విశ్వవిద్యాలయమున పుట్టి, దేశమంతట ఖ్యాతి గడించిన ష్వేయ్‌మూ బోర్డును, 2005 మార్చిలో విశ్వవిద్యాలయ ప్రాంగణమునకే పరిమితము చేసి, వెలుపలివారి నెల్ల వెళ్లగొట్టిరి. పిటిటికిని నిందలు లేకపోలేదు. 2018 సెప్టెంబరులో తుపానువలన జపానునందలి కాన్సాయ్ విమానాశ్రయమున ప్రయాణికులు చిక్కుకొన్నప్పుడు, చైనా తన పౌరులను బస్సులు పంపి రక్షించినదనియు, తైవాన్ అధికారులు చేతులు ముడుచుకొని కూర్చున్నారనియు వ్యాపించిన అసత్యవార్తకు ఆ బోర్డు వేదికలలో నొకటి యయ్యెను; ఒసాకాలోని తైవాన్ ప్రతినిధి ఆ దినములలోనే ఆత్మహత్య చేసికొనెను. ఆ యేటనే బోర్డు కొత్తసభ్యుల చేరికను నిలిపివేసినది. నాటి నుండి యువజనులు డికార్డ్, థ్రెడ్స్ వంటి వేదికలకు తరలుచున్నారు. పరస్పరపరిచయము లేని లక్షలమంది చేరినచోట, అది బోర్డైనను మరేదైనను, కొందరు కూడబలుకుకొని అందరి నోటను మాట్లాడగలరు. చికాగోలోని ఒక్కతీగ బోర్డునకు ఈ యపాయము లేదు. కాబట్టి పునరుజ్జీవనము కోరువారు పిటిటి యొక్క ఆశ్రయమును గ్రహించి, దాని పరిమాణమును విడనాడవలెనని నేను వాదింతును.

ఈ విషయము తెలుగువారికి దూరపుది కాదు. అమెరికాలో చదువుకొనుచున్న తెలుగు విద్యార్థులు 1990 దశకమున యూజ్‌నెట్ చర్చావేదికలయందు, తెర తెలుగు నెరుగని కాలమున, రైస్ విశ్వవిద్యాలయపు పేర వెలసిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాసికొని ఛందస్సును, కథను, రాజకీయమును చర్చించిరి. పిదప రచ్చబండ మొదలగు యాహూ గ్రూపులయందు తెలుగు సాహిత్యముపై విలువైన వాదోపవాదములు జరిగినవి. 2020 డిసెంబరులో యాహూ గ్రూపులు పూర్తిగా మూతపడినవి. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడినపుడు అందలి తెలుగు సముదాయములకును ఇదే గతి పట్టెను. ఒక జాతి తన భాషలో చేసిన సంభాషణ, ఆ భాష నెరుగని దూరదేశపు వర్తకుల ఆదాయవ్యయ నిర్ణయమునకు లోబడి యుండుట నాకు భరింపరాని విషయము.

కాని తెలుగు బోర్డునకు ఒక చిక్కు కలదు. దానిని దాటక మాటలవలన ప్రయోజనము లేదు. బోర్డు తెర ఎనుబది నిలువుగళ్లుగా, ఇరువదినాలుగు అడ్డువరుసలుగా విభజింపబడి, ప్రతి అక్షరమునకు ఒక గడి చొప్పున నడచును. చైనా లిపిలోని ప్రతి అక్షరము సరిగ్గా రెండు గళ్లలో ఇమిడిపోవుట పిటిటికి కలిగిన గొప్ప సౌకర్యము. మన 'స్త్రీ' యూనికోడున ఆరు సంకేతముల కూర్పు. తెరమీద అది ఒక్క అక్షరముగా, వత్తులు క్రిందికిని గుడిదీర్ఘము పైకిని పోవగా, గడికి లొంగని వెడల్పుతో నిలుచును. ఒక అక్షరము గడి దాటినచో దాని వెంట పంక్తి యంతయు చెదరును. నేటి టెర్మినల్ ప్రోగ్రాములలో తెలుగు ముక్కలై కనుపించుట కిదియే ముఖ్యకారణము. అక్షరమునకు ఎన్ని గళ్లు కేటాయింపవలెనో నిర్ణయించు నియమమును, ఆ నియమమునకు సరిపడు ఖతిని కూర్చుట అసాధ్యము కాదు. మన ఇంజనీరింగు కళాశాలలలో ఒక సంవత్సరము శ్రమించు విద్యార్థిబృందమునకు తగిన పని.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నేర్పడునాటికి మన పూర్వులు సర్కారు ధనముకొరకు వేచియుండలేదు. వేటపాలెమున 1918లో నెలకొన్న సారస్వత నికేతనము వంటి సంస్థలు ఊరివారి చందాలతో నిలిచి నేటికిని పరిశోధకులకు పాతపత్రికలను అందించుచున్నవి. ఊరుమ్మడిగా ఒక జ్ఞానస్థానమును పోషించుట మనకు కొత్త కాదు. కావున ఆంధ్ర, ఉస్మానియా మొదలగు విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలును, కంప్యూటరు శాఖలును కలిసి, పిటిటి ప్రోగ్రామునో సింక్రోనెట్టునో తెలుగునకు సవరించి, ఒక్కొక్కదానియందు వేయిమందికి మించని సభ్యులతో చిన్నబోర్డులను నెలకొల్పవలెను. పర్యవేక్షకులను సభ్యులే ఎన్నుకొనవలెను. వ్రాతను తొలగించినచో కారణమును అందరికి కనుపడునట్లు నమోదు చేయవలెను. ఫిడోనెట్టువలె బోర్డులు రాత్రివేళ ఒకదాని కొకటి వ్రాతలను పంపుకొనుచు, ప్రతి సంభాషణకును కనీసము మూడు చోట్ల ప్రతులు నిలుపవలెను. ఏ ఉపకులపతియో ఒకనాడు తన బోర్డును మూసివేయ దలచినను, అందలి వ్రాతలు మిగిలిన రెండు చోట్లను యథాతథముగా చదువుటకు దొరకవలెను. ఈ షరతును స్థాపనపత్రమున వ్రాయించుకొనక మొదటి సభ్యుని చేర్చుకొనరాదు.