చదువు మారితే బతుకు చెడదు

పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే మన ఇళ్లలో ఒక పెద్ద నిర్ణయం జరిగిపోతుంది. పదిహేనేళ్ల పిల్లవాడు ఎంపీసీలో చేరాలా, బైపీసీలోనా, సీఈసీలోనా అన్నది తేలిపోతుంది. చాలాసార్లు దాన్ని తేల్చేది పిల్లవాడి ఇష్టం కాదు, పక్కింటి అబ్బాయి ఏ గ్రూపు తీసుకున్నాడన్నది. ఆడపిల్ల అయితే ఇంటికి దగ్గర్లో ఏ కాలేజీ ఉందన్నది. పెళ్లి సంబంధం వస్తే పదిమందితో మష్వరా చేసే మనం, చదువు విషయంలో ఒక్క ఉపాధ్యాయుణ్ణయినా అడగం. డిగ్రీ పట్టా చేతికొచ్చే వేళకు 'ఇది నేను చదవాల్సింది కాదు' అని పిల్లలు లోలోపల కుమిలిపోతారు. నోరు విప్పితే అబ్బాజాన్ ఏమంటారోనని భయం.

ఈ బాధ చదువు రానివాళ్లకే కలుగుతుందనుకోవడం సరికాదు. మాజీ రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం రామేశ్వరంలో ఒక సామాన్య ముస్లిం కుటుంబంలో పుట్టారు. తిరుచిరాపల్లిలోని సెయింట్ జోసెఫ్ కాలేజీలో భౌతికశాస్త్రం చదివారు. బీఎస్సీ పూర్తయ్యాక గానీ అది తన సబ్జెక్టు కాదని, తాను ఇంజనీరింగులోకి వెళ్లాలని ఆయనకు తెలిసిరాలేదు. డిగ్రీలో చేరేనాటికి ఇతర దారులున్న సంగతే తనకు తెలియదని ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నారు. మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చింది. చేరడానికి దాదాపు వెయ్యి రూపాయలు కావాలి. తండ్రి దగ్గర అంత డబ్బు లేదు. అక్క జొహ్రా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టి తమ్ముణ్ణి చదువుకు పంపింది. ఆ తమ్ముడే 1982లో హైదరాబాద్ డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా వచ్చి దేశ క్షిపణి కార్యక్రమానికి సారథ్యం వహించారు.

ఆ ఇంట్లో ఎవరూ డిగ్రీ ఖర్చు బూడిదలో పోసిన పన్నీరయిందని నిందించి, దారి మూసెయ్యలేదు. మనం నేర్చుకోవలసింది ఇదే.

తాకట్టు పెట్టడానికి గాజులు కూడా లేని ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. పెద్ద కొడుకు సంపాదనలో పడితేనే చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగే కుటుంబాలున్నాయి. వారి ఆందోళనను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే ప్రతి మార్పుకూ మళ్లీ మొదటినుంచి చదవనక్కర్లేదు. సివిల్ సర్వీసులకు, గ్రూప్-1కు ఏ డిగ్రీ అయినా చాలు. ఏ డిగ్రీ చేసినవారైనా లాసెట్ రాసి మూడేళ్ల న్యాయశాస్త్రంలో, ఐసెట్ రాసి ఎంబీఏలో చేరవచ్చు. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా ఉద్యోగం చేసుకుంటూనే చదవవచ్చు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి 2022లో యూజీసీ అనుమతించింది.

అందుకే చివరి సంవత్సరంలో ఉన్న పిల్లలు విసుగెత్తి చదువు మానేయడం తగదు. ఆ పట్టాయే తర్వాతి తలుపుకు తాళంచెవి అవుతుంది. మొదటి సంవత్సరంలోనే తెలిసివస్తే మాత్రం ఆలస్యం చేయకుండా మారడమే మేలు. అయితే ఒక పరీక్ష తప్పినందుకు కలిగిన నిరాశా, నిజంగా మనసుకు పట్టని చదువా అన్నది ముందు నిదానంగా తేల్చుకోవాలి. వెళ్లదలచిన రంగంలో పనిచేస్తున్నవారిని కలిసి మాట్లాడితే సగం సందేహం తీరుతుంది.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. గ్రూపు ఎంచుకునే ముందు పిల్లలతో కూర్చోండి. అమ్మాయిల మాట కూడా అబ్బాయిల మాటతో సమానంగా వినండి. రేపు మీ బిడ్డ 'ఈ చదువు నాకు సరిపడలేదు' అని చెబితే కోపగించుకోకండి. ఆ మాట మీకు చెప్పగలగడమే మీ మీద వారికున్న నమ్మకం. 'అయితే ఏం చదవాలనుకుంటున్నావు?' అని అడగండి.