కంచన్‌బాగ్‌కు బస్సెంత దూరం?

జనగణన వారు పల్లెలను అడిగే ప్రశ్నలు నాకు నచ్చుతాయి. 2011 జనగణన తరువాత వెలువడిన జిల్లా పుస్తకాలు తెరచి చూడండి. ఎంత మారుమూల పల్లెకైనా అందులో ఒక వరుస ఉంటుంది. ఇళ్లెన్ని, జనమెందరు, ప్రభుత్వ బస్సు వస్తుందా, ఆటోలున్నాయా, రైల్వే స్టేషనుందా అని అడిగి రాశారు. లేనిచోట అది 5 కిలోమీటర్లలోపా, 5 నుంచి 10 మధ్యనా, 10 దాటిన దూరమా అన్నదీ చేర్చారు. తెలుగు వికీపీడియాలో మన ఊళ్ల పేజీలు చాలావరకు ఈ లెక్కలతోనే నిండాయి.

ఇక హైదరాబాదు పాతబస్తీలోని కంచన్‌బాగ్ సంగతి చూడండి. నగరంలో జనాభా లెక్క వార్డుల వారీగా దొరుకుతుంది. రవాణా లెక్క మాత్రం దొరకదు. పట్టణాల పట్టికలకు నగరమే తెలుసు, పేటలు తెలియవు. కొన్ని వందల గడపల పల్లెకు దక్కిన పలకరింపు వేలాది కుటుంబాల పేటకు దక్కలేదు.

నగరమన్నాక అన్నీ ఉంటాయి కదా అంటారు. ఉంటాయి, ఎవరి గుమ్మానికి ఎంత దూరంలో అన్నదే ప్రశ్న. పాతబస్తీ మీదుగా పోయే రైలు దారి యాకుత్‌పుర, ఉప్పుగూడ, ఫలక్‌నుమాలను తాకుతూ కంచన్‌బాగ్‌కు పడమటగా సాగిపోతుంది. నగరానికి స్టేషన్లున్నాయని రాస్తే అది నిజమే. ఆ నిజం కంచన్‌బాగ్ వాసి కాళ్లనొప్పులు తీర్చదు.

ఇదేమీ ప్రభుత్వానికి తెలియని చోటు కాదు. 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ ఇక్కడివే. క్షిపణుల, లోహాల పరిశోధనశాలలూ ఇక్కడివే. క్షిపణి ఎన్ని కిలోమీటర్లు పోవాలో గోడకు అవతల లెక్క గడతారు. గోడకు ఇవతల ఉన్నవాడు బస్సు కోసం ఎంత నడవాలో లెక్క గట్టేవారు లేరు.

2011లో వ్యవసాయేతర పనులు చేసేవారిని ఒక మంచి ప్రశ్న అడిగారు: పనిచోటు ఎంత దూరం, దేని మీద వెళతారు? ఆ జవాబులు జిల్లాల వారీ పట్టికలయ్యాయి. జిల్లా సగటులో ఒకరి కారూ మరొకరి నడకా కలిసిపోతాయి.

లెక్కలో లేనివారి వంతు ఆఖరున వస్తుంది. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైంది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా అనుకున్న దారి 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గరే ఆగింది. మూసీ దాటిన దారికి శంకుస్థాపన 2024 మార్చి 8న గాని జరగలేదు. ఆ ఏడే రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి పంపిన రెండవ దశ ప్రణాళికలో నాగోలు నుంచి విమానాశ్రయానికి పోయే దారి కంచన్‌బాగ్ పక్కగా ఉంది. సంతోషమే. కాని ఆ దారికి గమ్యం విమానాశ్రయం, కంచన్‌బాగ్ మార్గమధ్యం. విమానమెక్కేవాడి అవసరం ముందు లెక్కకు వచ్చింది, బస్సెక్కేవాడిది ఇంకా రావలసి ఉంది.

పల్లెల లెక్కా సంపూర్ణం కాదు. బస్సు ఉందన్నచోట రోజుకు ఎన్నిసార్లు వస్తుందో రాయలేదు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వచ్చినా "ఉంది" అనే అంటారు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేని ప్రయాణం దొరికింది. మంచి పనే. ఆ మంచి బస్సు వచ్చిన వీధికే అందుతుంది.

పేటపేటకూ లెక్క తీయడం సాధ్యమా అని అడగవద్దు. గణకులు ఎలాగూ ప్రతి ఇంటికీ వెళతారు. 2027 జనగణన మొబైల్ ఫోన్ల మీద జరుపుతామని ప్రభుత్వమే ప్రకటించింది. పల్లెను అడిగిన ప్రశ్ననే వార్డునూ అడగాలి: బస్సు ఎంత దూరం, రోజుకెన్ని, ఆఖరిది ఎన్ని గంటలకు? ఈ మూడు జవాబులు లేని జనాభా లెక్క తలలనే లెక్కిస్తుంది, కాళ్లను మరచిపోతుంది.

మీరుండే పేటకు ఈ మూడింటికీ జవాబు రాసి చూడండి. అది ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ ఉండదు.