చర్మమును చూడని వైద్యము

ఈ వారము ఒక మందుల దుకాణమున నిలిచియుండగా వినవచ్చిన సంభాషణ నన్ను మిక్కిలి కలతపెట్టినది. ఏబదియేండ్ల గృహిణి యొకామె థైరాయిడ్ మాత్రల సీసాను బల్లపై నుంచి, రవిక చేతిని పైకి జరిపి, ఎఱ్ఱగా పొంగిన దద్దుర్లను చూపుచు, "డోసు పెంచిన దగ్గర్నించీ ఇలా లేస్తున్నాయి బాబూ" అనెను. "వేడి చేసిందమ్మా, మజ్జిగ ఎక్కువ తాగండి" అని దుకాణపు యువకుడు ఒక ట్యూబు తీసి యిచ్చెను. ఆ దద్దుర్లు మాత్రవలననే లేచినవో, మఱియొక కారణమున లేచినవో నేను చెప్పజాలను. చెప్పవలసిన వైద్యులు ఆమె చేతిని చూడనే లేదట. పరీక్ష కాగితముపై టీఎస్‌హెచ్ అను థైరాయిడ్ పరీక్ష అంకెను చూచి, డోసు మార్చి పంపిరట. నా బాధ యంతయు అచ్చటనే యున్నది.

థైరాయిడ్ కొఱత యను ఈ వ్యాధిని లోకమునకు ఎఱిగించినది చర్మమే. రక్తపరీక్షలు లేని కాలమున, 1873లో, లండనులోని విలియం గల్ అను వైద్యుడు దీనిని గుర్తించినది రోగుల ఉబ్బిన ముఖములను చూచియే. ఐదేండ్లకు విలియం ఆర్డ్ దీనికి మిక్సెడీమా అని పేరిడినది చర్మమున నిండిన జిగురును గమనించియే. 1891లో న్యూకాసిల్ నగరమున జార్జ్ ముఱే గొఱ్ఱె థైరాయిడ్ గ్రంథినుండి తీసిన రసమును సూదితో నెక్కించినపుడు, బెరడువలె ఎండిన రోగిణి చర్మమున మరల చెమట పుట్టుట ఆయనకు విజయచిహ్నమైనది. ఆమె ఆ పిమ్మట 28 సంవత్సరములు జీవించినది. నేటి వైద్యునకు అంతకంటె సూక్ష్మమైన సాధనములు లభించినవి, సంతోషమే, కాని సాధనము వచ్చినదని కన్నులు మూసికొనుట ఏమి న్యాయము?

హైదరాబాదుతో కూడ ఎనిమిది నగరములలో జరిగి 2013లో ప్రకటితమైన పరిశీలనలో, నూటికి దాదాపు 11 మంది వయోజనులకు థైరాయిడ్ కొఱత కనబడినది. ఇట్టివారు పరగడుపున మ్రింగు 50 మైక్రోగ్రాముల మాత్రలో అసలు మందు గ్రాములో ఇరువది వేలవ వంతు మాత్రమే. తక్కినదంతయు దానిని మాత్రగా నిలుపుటకు చేర్చిన పిండి, లాక్టోజ్, జిగురు, కొన్నిటియందు రంగు. థైరాక్సిన్ మన గ్రంథి స్రవించు పదార్థమే గనుక శరీరము దానిని పరాయిదిగా నెంచుట అరుదు. దద్దుర్లు లేచినపుడు ముందుగా అనుమానింపదగినవి ఈ తోడు పదార్థములే. అమెరికాలో డోసు మారిన మాత్ర రంగు మారును. 50 మైక్రోగ్రాములది మాత్రము సాధారణముగా రంగు కలపని తెల్లమాత్ర. అందుచే అనుమానము కలిగినపుడు, 100 మైక్రోగ్రాముల పసుపుమాత్రకు మాఱుగా తెల్లమాత్రలు రెండిచ్చి చూచు వైద్యులు అచ్చట కలరు. ఇంత సులభమైన పరీక్షకైనను, ముందు ఎవరో ఒకరు ఆ చేతిని చూడవలెను గదా! మాత్రలో ఏయే పదార్థములు, ఏయే రంగులు కలవో సీసాపై తెలుగున ముద్రింపుమని మనము అడుగకపోవుట నాకు విచారకరముగా నున్నది.

దద్దుర్లన్నియు రంగువలననే యని నా వాదము కాదు. డోసు మించినపుడు ఒళ్లు వెచ్చబడి, చెమటలు పట్టి, ముఖము ఎఱ్ఱబాఱును. శరీరము తన గ్రంథిపై తానే దాడిచేయు హషిమోటో వ్యాధి కలవారిలో కొందఱిని, మాత్రతో నిమిత్తము లేకయే, దద్దుర్లు నెలల తరబడి వేధించును. పెదవులు వాచి ఊపిరి ఆడనిచో క్షణము జాగుచేయక ఆసుపత్రికి పోవలెను. జుట్టు సంగతి వేఱు. మందు మొదలిడిన తొలి నెలలలో కొందఱికి జుట్టు రాలును. అది సాధారణముగా తాత్కాలికము. ఈ ఒక్క మాట ముందుగా చెప్పువారు లేక, దువ్వెన నిండ వచ్చిన జుట్టును చూచి హడలి, కొందఱు మాత్రనే మానివేయుదురు. మఱికొందఱు జుట్టుకొఱకని బయోటిన్ మొదలుపెట్టుదురు. అధికమోతాదున పుచ్చుకొన్న బయోటిన్ కొన్ని రక్తపరీక్షలను తప్పుదారి పట్టించి, టీఎస్‌హెచ్‌ను తక్కువగాను, థైరాక్సిన్‌ను ఎక్కువగాను చూపగలదు. రక్తమిచ్చుటకు కనీసము రెండు దినములు ముందు దానిని ఆపవలెనన్న సంగతి పరీక్షాశాలలో ఎవరును చెప్పరు. అంకెనే నమ్మిన వైద్యుడు మందు ఎక్కువైనదని తలచి, అక్కఱయైన మందును తగ్గించును. తగ్గింపగా కొఱత ముదిరి, జుట్టు మఱింత రాలును.

ఇక ఆ ట్యూబు. మన దుకాణములలో దురద యన్న చాలును, స్టెరాయిడ్‌ను, యాంటీబయాటిక్‌ను, శిలీంధ్రనాశినిని ఒక్కటిగా కలిపిన లేపనము చేతికి వచ్చును. దానిని తామరపై పూసినచో తొలుత దురద అణగును, ఎఱుపు తగ్గును, తామర మాత్రము చల్లగా ప్రక్కలకు ప్రాకును. తెల్లబడుటకని ముఖమునకు నెలల తరబడి పూసికొన్న ఆడపిల్లల చెంపలపై చర్మము పలుచబడి, ఎఱ్ఱని నరములు తేలి, పూత మానిన నాడు మంటపుట్టుటను చర్మవైద్యులు నిత్యము చూచుచున్నారు. 2018లో కేంద్రప్రభుత్వము పెక్కు స్టెరాయిడ్ లేపనములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదన్నది. ఆ దినమున ఆ దుకాణమున చీటీ యడిగినవారు లేరు. ఔషధ తనిఖీ అధికారులు గోడకు వ్రేలాడు లైసెన్సును చూచి పోవుట చాలదు. ఆ ట్యూబులు ఎన్ని వచ్చినవి, ఎన్ని పోయినవి, పోయినవానికి చీటీలేవి యని బిల్లు పుస్తకమును ముందిడుకొని అడుగవలెను.