రక్తం ఇచ్చినవాళ్లకు మా మాట

మేము బెంగళూరు ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో కేన్సర్ మీద, రోగనిరోధక శక్తి గాడితప్పి వచ్చే జబ్బుల మీద పనిచేస్తున్న తెలుగువాళ్లం. ల్యాబులో తేలింది రోగి మంచం దాకా వెళ్లాలి, మంచం దగ్గర కనిపించింది మళ్లీ ల్యాబుకు రావాలి. ఆ రాకపోకలే మా పని.

ఈ రెండు రకాల జబ్బులనూ విడదీసి చూడం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో నడిపించిన పరిశోధన నుంచి ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు వచ్చాయి. వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌తో లుకేమియా పిల్లల్లో జబ్బు కొంతకాలం తగ్గిందని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ లుకేమియాకూ వాడుతున్నాం, రోగనిరోధక శక్తి గాడితప్పి వచ్చే కీళ్లవాతానికీ (రుమటాయిడ్ ఆర్థరైటిస్) వాడుతున్నాం. కార్-టీ చికిత్సా అంతే. రోగి సొంత రోగనిరోధక కణాలను (టీ కణాలు) తీసి, బీ కణాలనే మరో రకం రోగనిరోధక కణాలను వేటాడేలా మార్చి, తిరిగి ఎక్కిస్తారు. రక్తకేన్సర్ల కోసం పుట్టిన ఈ పద్ధతిని జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు రోగనిరోధక శక్తి గాడితప్పి వచ్చే లూపస్ రోగుల మీద వాడి మంచి ఫలితాలు చూశారు. మన దేశంలో తొలి కార్-టీకి 2023లో అనుమతి వచ్చింది. 2025లో బెంగళూరు సంస్థ ఇమ్యునీల్ తనదీ తెచ్చింది. ధర మాత్రం ఇంకా లక్షల్లోనే ఉంది. పొలం అమ్ముకోకుండా అందేదాకా దాన్ని విజయమనం.

బెంగళూరులో 1973 నుంచి నడుస్తున్న కిద్వాయి కేన్సర్ ఆసుపత్రికి హిందూపురం, మదనపల్లె వైపు నుంచి ఎందరో వస్తారు. వాళ్ల రక్తం తీసేముందు తెలుగులో చెబుతాం: “అమ్మా, ఇందులో కొంత మీ పరీక్షకు, కొంత మా పరిశోధనకు. మీరు వద్దన్నా వైద్యం ఆగదు.” ఒప్పుకుంటూ వేసే వేలిముద్రకు తొందరపెట్టం. ఇంట్లో అడిగి చెప్తానంటే ఆగుతాం. ఊదారంగు మూత గొట్టంలో తీసుకున్న ఆ రక్తం ఏ పనికి వాడామో, ఏం తేలిందో వాళ్లకు తెలియజేస్తాం. ఏమీ తేలకపోయినా చెబుతాం, ప్రచురిస్తాం; లేకుంటే అదే ప్రయోగం ఇంకొకరి ఒంటిమీద మళ్లీ జరుగుతుంది.

చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ ప్రాణాల మీదిది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, మనిషే పోవచ్చు. అందుకే మా చేతి మీదుగా వెళ్లే ప్రతి మెథోట్రెక్సేట్ చీటీ మీదా తెలుగులో, పెద్ద అక్షరాలతో మాత్ర వేసుకోవాల్సిన రోజు పేరు రాస్తాం. బెంగళూరులోని ప్రతి మందుల షాపూ అలాగే రాయాలని అడుగుతున్నాం.