ఏజియన్‌లో తేలాల్సింది హద్దుల లెక్క

గ్రీసు, టర్కీల వైరం ప్రస్తావనకు వస్తే చాలామంది దాన్ని శతాబ్దాల నాటి మత వైరంగా, ఎన్నటికీ తీరని పగగా తేల్చేస్తారు. 2025 మేలో టర్కీ పాకిస్థాన్‌ను వెనకేసుకొచ్చాక మన దేశంలో ఆ అభిప్రాయం మరింత బలపడింది. చరిత్ర మాత్రం ఆ మాటకు సాక్ష్యం చెప్పదు. 1919లో నేటి టర్కీ తీరంలోని స్మిర్నా రేవులో గ్రీకు సైన్యాన్ని దింపింది గ్రీసు ప్రధాని వెనిజెలోస్. ఆ దండయాత్ర 1922లో ఘోర పరాజయంతో ముగిసింది. స్మిర్నా తగలబడింది. మరుసటి ఏడాది లోజాన్‌లో కుదిరిన ఏర్పాటుతో ప్రజల మార్పిడి ఖాయమైంది. సుమారు 12 లక్షల మంది ఆర్థడాక్స్ క్రైస్తవులు, నాలుగు లక్షల దాకా ముస్లింలు పుట్టిన ఊళ్లకు శాశ్వతంగా దూరమయ్యారు. ఇంత జరిగినా 1930లో అదే వెనిజెలోస్ అంకారా వెళ్లి స్నేహ ఒప్పందం చేసుకొచ్చారు. 1934లో టర్కీ అధ్యక్షుడు ముస్తఫా కెమాల్ పేరును నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించారు కూడా. లోజాన్‌లో భూమి హద్దులు తేలిపోవడమే ఈ మార్పుకు దారి వేసింది. వైరం తిరిగి రాజుకున్నది హద్దులు తేలని సముద్రంలోనూ, సైప్రస్‌లోనూ.

సముద్రం మీద ఇరుపక్షాల వాదనలోనూ బలముంది. ఏజియన్ ద్వీపాల్లో అత్యధికం గ్రీసువే. అంతర్జాతీయ సముద్ర చట్టం ప్రకారం ప్రాదేశిక జలాలను ఆరు నుంచి 12 నాటికల్ మైళ్లకు పెంచుకునే హక్కు తనకుందని గ్రీసు అంటుంది. అలా పెంచితే తన నౌకలు గ్రీకు జలాల గుండా తప్ప బయటపడలేవన్నది టర్కీ భయం. అందుకే అది ఆ చట్టంపై సంతకం పెట్టలేదు. గ్రీసు ఆ పని చేస్తే సైనిక చర్యకైనా వెనకాడవద్దంటూ 1995 జూన్‌లో టర్కీ పార్లమెంటు ప్రభుత్వానికి అధికారమిచ్చింది. ఆ ఏడాది క్రిస్మస్ రోజున ఒక టర్కీ సరుకు నౌక ఇమియా రాళ్లకు తగిలి చిక్కుకుపోయింది. మనుషులుండని ఆ రెండు దిబ్బలూ కలిపినా పదెకరాలకు అటూఇటూ. నౌకను లాగాల్సింది ఎవరన్న పేచీ, ఆ దిబ్బలు ఎవరివన్న తగాదాగా మారింది. పక్కనున్న కాలిమ్నోస్ ద్వీపం మేయర్ వెళ్లి గ్రీకు జెండా ఎగరేశారు. టర్కీ పత్రిక హుర్రియెత్ విలేకరులు హెలికాప్టర్‌లో దిగి, దాన్ని తీసేసి తమ జెండా పాతారు. నాలుగు రోజులు తిరక్కుండానే రెండు నౌకాదళాలు ఎదురెదురుగా మోహరించాయి. గ్రీకు హెలికాప్టర్ కూలి ముగ్గురు అధికారులు చనిపోయారు. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ జోక్యం చేసుకున్నాకే ఇరుపక్షాలూ వెనక్కి తగ్గాయి. ఇందులో మతం ఎక్కడా లేదు. గెట్టు తేలని పొలంలో అయినా ఇలాంటి కొట్లాటే జరుగుతుంది.

మతాన్ని ఇంత తేలిగ్గా పక్కన పెట్టవచ్చా అని అడగవచ్చు. 1923లో ఎవరు ఉండాలో, ఎవరు వెళ్లాలో తేల్చింది మతమే. ఒకప్పుడు చర్చి అయిన హాగియా సోఫియాను 2020లో మళ్లీ మసీదు చేయడం గ్రీకుల మనసు నొప్పించిన మాటా నిజమే. అయితే మతం ఆ గొడవలకు ఆజ్యం పోస్తుంది తప్ప వాటిని పుట్టించడం లేదు. సైప్రస్ సంగతి మరింత బరువైనది. 1974 జులైలో ఏథెన్స్ సైనిక ప్రభుత్వం అక్కడ కుట్ర చేయించింది. అయిదు రోజులకు టర్కీ సేనలు దిగాయి. ద్వీపం ఉత్తర భాగం నేటికీ వాటి అదుపులోనే ఉంది. అక్కడ ఇళ్లు పోగొట్టుకున్నవారి బాధను సముద్రంలో గీసే హద్దు తీర్చలేదు. కానీ సైప్రస్ తేలేదాకా ఏజియన్‌ను కూడా నానబెట్టాలనడంలో అర్థం లేదు.

స్నేహం పెరిగితే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయన్న ఆశ కూడా నిలవలేదు. 1999 ఆగస్టులో టర్కీలో, సెప్టెంబరులో ఏథెన్స్‌లో భూకంపాలు వచ్చినప్పుడు రెండు దేశాల సహాయక బృందాలూ ఒకరి శిథిలాల్లో ఒకరు ప్రాణాల కోసం వెతికాయి. సంబంధాలు నిజంగానే మెరుగుపడ్డాయి. అయినా 2020 ఆగస్టులో టర్కీ అన్వేషణ నౌక వివాదాస్పద జలాల్లోకి వెళ్లగానే ఇరు దేశాల యుద్ధనౌకలు ఢీకొన్నాయి. 2023 డిసెంబరు నాటి ఏథెన్స్ ప్రకటన మంచి మాటలే చెప్పినా, గీత మాత్రం గీయలేదు.

మిగిలింది న్యాయస్థానం. గ్రీసు 1976లో ఒంటరిగా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం గడప తొక్కితే, తనకు విచారణాధికారం లేదని 1978లో కోర్టు తేల్చింది. ఇద్దరూ కలిసి వెళ్తేనే విచారణ సాధ్యం. ఓడిపోతామన్న భయమే ఇద్దరినీ ఆపుతోంది. బంగాళాఖాతంలో మన అనుభవం ఆ భయానికి జవాబు. 2014లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. పెద్ద దేశమైన భారత్ ఆ తీర్పును తలవంచి ఆమోదించింది. దానివల్ల మన ప్రతిష్ఠ తగ్గలేదు, ఒక తగాదా తీరింది. ఏథెన్స్, అంకారా పాలకులు కూడా తమ ప్రజలకు చెప్పాల్సిన నిజం ఇదే: కొంత నీరు వదులుకోకుండా శాంతి రాదు.