చిట్టెలుక మోకాలు – పసుపు ప్రచారం

మోకాలి కీళ్ల అరుగుదలపై జరిగే పరిశోధనల్లో ప్రయోగశాల చిట్టెలుక వెనుక కాలు ఒక ప్రధాన సాధనం. కీలులోపలి మెనిస్కస్‌ను కాలి ఎముకకు పట్టి ఉంచే లిగమెంటును శస్త్రచికిత్సతో కోసివేస్తే కీలు పట్టు తప్పుతుంది. కొద్ది వారాల్లోనే మృదులాస్థి అరగడం మొదలవుతుంది. ఇలా గాయపరచిన కీలుపైనే పసుపులోని కర్క్యుమిన్ వంటి వృక్షజ పదార్థాలను పరీక్షిస్తున్నారు. అక్కడ వెలువడిన ఫలితం రైతు శిక్షణ తరగతికి చేరేసరికి ‘మోకాళ్ల నొప్పికి మందు’గా మారే ప్రమాదం ఉంది. అందువల్ల విస్తరణ శాస్త్రవేత్తలు ఆ ఫలితాన్ని పొలం ప్రయోగాన్ని పరిశీలించినంత నిశితంగా పరిశీలించాలి.

ఒకే మడిలో వంద మొక్కలను కొలిచినా అది ఒక్క పునరావృతి మాత్రమేనని వ్యవసాయ విద్యార్థులందరికీ తెలుసు. మేతలో కలిపిన మందును పంజరమంతటికీ ఇచ్చినప్పుడు పంజరమే మడి. అందులోని ఐదు ఎలుకలు ఐదు పునరావృతులు కావు. పైగా గుంపుగా పెంచే మగ ఎలుకలు పోట్లాడుకుంటాయి. గాయపడిన కీలుపై అదనపు భారం పడితే పంజరాల మధ్య తేడా మందు ప్రభావంగా కనిపించవచ్చు. ఈ శస్త్రచికిత్స తరువాత మగవాటిలో అరుగుదల ఆడవాటిలో కంటే తీవ్రంగా ఉంటుంది కనుక ఒక్క లింగంలో వచ్చిన ఫలితాన్ని రెండింటికీ వర్తింపజేయరాదు. అరుగుదలకు సూక్ష్మదర్శిని కింద కంటితో చూసి అంకెలు వేస్తారు. ఏ ఎలుకకు మందు అందిందో ఆ పరిశీలకునికి తెలియకూడదు.

ఈ ప్రశ్నలు అడిగే హక్కు వ్యవసాయ శాస్త్రానికి ఉంది. యాదృచ్ఛిక కేటాయింపును 1920వ దశకంలో రోథమ్‌స్టెడ్‌లో రొనాల్డ్ ఫిషర్ పొలం ప్రయోగాల కోసమే రూపొందించారు.

ప్రయోగ జంతువుల సంఖ్యను తగ్గించాలని రస్సెల్, బర్చ్ 1959లోనే సూచించారు. అయితే సమాధానం ఇవ్వలేని ప్రయోగంలో పది ఎలుకలను కుంటివాటిని చేసినా ఆ బాధ వృథాయే. ఎలుక మృదులాస్థి మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. మనిషిలో అది మిల్లీమీటర్లలో ఉంటుంది. పసుపు కొమ్ములో కర్క్యుమిన్ సాధారణంగా 2 నుంచి 5 శాతం మాత్రమే. ఎలుకకు ఇచ్చిన శుద్ధ పదార్థం, వంటింటి పసుపు ఒకటి కావు.

కాబట్టి మానవులపై సక్రమంగా జరిగిన పరీక్షల ఆధారం లేనిదే విస్తరణ కరపత్రాల్లో ఏ పంటకూ కీళ్ల వైద్య గుణాన్ని ఆపాదించరాదు. పసుపు రైతుకు కావలసింది నిలకడైన ధర, నాణ్యమైన విత్తనం. రుజువు కాని మాటపై నిలిచిన గిరాకీ కాదు.